కుంటి తీతువు

ఆ మే నెల మధ్యాహ్నం జూబ్లీ హిల్స్ ఇంట్లో ఎవరెవరున్నారంటే, కింద హాల్లో ఫోను పక్కనే కూర్చుని నిర్మాత త్రినాథరావు. తలనొప్పితో గది చీకటి చేసుకుని పడుకున్న ఆయన భార్య పుష్పవల్లి. పైగదిలో, ఊటీ హాస్టలు నుంచి సెలవులకొచ్చిన వాళ్ళబ్బాయి శ్రీకర్, అతని స్నేహితుడు హర్ష. పోర్టికోలో కారుకి చేరగిలబడి హర్ష వాళ్ళ డ్రైవరు వీరభద్రం. వంటింటికీ పైగదికీ మధ్య మెట్లమీద, మజ్జిగ గ్లాసులతో, పుష్పవల్లి అక్క కూతురు నాగేశ్వరి.

హర్ష తండ్రి పెద్ద హీరో. ఆయన డేట్లిస్తేనే త్రినాథరావు సినిమా మొదలవుతుంది. అందుకని హర్ష వచ్చాడంటే ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానిచ్చేవాళ్ళు కాదు.

నాగేశ్వరి ఊళ్ళో పదో తరగతి చదివి, ఇంటరుకని పిన్ని దగ్గరికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మాటలు తక్కువ, మెట్లెక్కడం ఎక్కువ.

పైన వాళ్ళు ఆడేది బల్ల దగ్గర కూర్చుని ఆడే కథ. శ్రీకర్ కథ చెబుతాడు. హర్ష అందులో వీరుడై, తనేం చేస్తాడో చెబుతాడు. దెబ్బ తగిలిందీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మృగాలన్నీ ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నాయి. చిక్కేమిటంటే హర్ష ఆ పుస్తకం ముందే చదివేశాడు. ఏ మృగాన్ని ఎక్కడ పొడిస్తే చస్తుందో అతనికి కంఠతా వచ్చు.

"మీ ఊరి జంతువులేవైనా చెప్పవే నాగూ," అన్నాడు శ్రీకర్, విసుగెత్తి. ఆమె ఉడుము సంగతి చెప్పింది, ఒంటినిండా పొలుసులుండే అలుగు సంగతి చెప్పింది. అతను రెండింటినీ ఏనుగంత చేసి నోట్లో మంట పెట్టాడు. హర్ష రెండింటినీ నరికేశాడు.

"పెద్దది చేస్తే లాభం లేదన్నయ్యా," అంది నాగేశ్వరి, గ్లాసులు తీస్తూ. "దాని ఒళ్ళు కాదు, అలవాటు పెంచాలి. తీతువు పిట్ట ఉంది చూడండి..."

"అరిస్తే అపశకునం అంటారే, అదేనా?"

"ఆ. నేలమీదే గుడ్లు పెడుతుంది. ఎవరైనా అటొస్తే రెక్క విరిగినట్టు ఈడుస్తూ కుంటుతుంది. చేతికి చిక్కినట్టే ఉంటుంది, చిక్కదు. గుడ్లకి దూరంగా తీసుకుపోయి ఎగిరిపోతుంది."

శ్రీకర్ కాసేపు ఆమెకేసి చూసి, కాలితో కుర్చీ జరిపాడు. "కూర్చో. ఇకనుంచి రోజూ మృగం నీది. అదేం చేస్తుందో నువ్వే చెప్పాలి."

ఆ ఇంట్లో ఆమెను ఒకరు కూర్చోమనడం అదే మొదలు. కుర్చీ అంచున కూర్చుంది. పాచిక ఆమె చేతిలో చల్లగా ఉంది.

ఆమె తీతువు మామూలు పిట్టంతే ఉంది. రెక్క నేలకి రాసుకుంటూ బురద నేలలో కుంటింది. హర్ష కత్తి దూశాడు. అది నాలుగడుగులు కుంటింది. ఈటె విసిరాడు. ఇంకో నాలుగడుగులు కుంటింది. హర్ష వీరుడి ఈటెలైపోయాయి, నీళ్ళైపోయాయి, గుర్రం బురదలో దిగబడింది.

"ఏంటి నాగేశ్వరి గారూ, మీ పిట్ట ఫైట్ చెయ్యదా? పరుగుపందెమా ఇది?" అన్నాడు హర్ష, చెమట తుడుచుకుంటూ.

"అది కరవదండీ. మీరు వెనక్కి తిరిగితే దారుంది. గుర్రం కూడా బతుకుతుంది."

"వెనక్కా? మాకు వెనక్కి తిరగడం అలవాటు లేదు. మజ్జిగ పట్రా."

ఆమె కిందికి దిగింది. పోర్టికోలోంచి వీరభద్రం పిలిచాడు. "ఏం బిడ్డా, మా చిన్నసారు ఇంకా గెల్వలేదా? గెలిస్తెనే లేస్తడు ఆయన. షేక్‌పేటల మా తమ్ముని ఇంట్ల దావతుంది. జర గెల్వనియ్యి!"

నాగేశ్వరి నవ్వబోయి ఊరుకుంది. మజ్జిగ కలుపుతుంటే పైన కుర్చీ పడ్డ చప్పుడైంది. "నేను పోతున్నా, ఇంక రాను," అని హర్ష గొంతు. ఫోను వదిలి త్రినాథరావు మెట్లెక్కుతున్నాడు. ఆమె గ్లాసులతో వెనకే వెళ్ళింది.

శ్రీకర్ జరిగింది చెప్పాడు. త్రినాథరావు రోజంతా కథలు వినే మనిషి కనుక శ్రద్ధగా విన్నాడు.

"హీరో వెనక్కి తిరగడమేంటమ్మా?" అన్నాడు, కోపం లేకుండానే. "జనం ఊరుకుంటారా? హర్షబాబు అన్నదాంట్లో తప్పేముంది? నీ పిట్టని ఒక్కచోట ఆపు. బాబు కొడతాడు. అయిపోయింది. ఎవరి పనికి వాళ్ళం పోతాం."

"ఆపేస్తే అది తీతువు కాదు బాబాయ్."

"పిట్టే కదమ్మా."

హర్ష పడిపోయిన కుర్చీ నిలబెట్టుకుని కూర్చుని, కిటికీలోంచి చూస్తున్నాడు. ఆగిందని చెప్పెయ్యమన్నట్టు శ్రీకర్ కళ్ళతో సైగ చేశాడు. నాగేశ్వరికి కాళ్ళు పీకుతున్నాయి. ఆగింది అంటే చాలు. రేపూ ఈ కుర్చీ ఉంటుంది, పాచిక ఉంటుంది, ఇంకో మృగం ఉంటుంది. అనడానికే నోరు తెరిచింది.

"అది ఆగదు బాబాయ్," అంది. "దానికి వెనకాల గుడ్లున్నాయి."

త్రినాథరావు కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకున్నాడు. "సరేనమ్మా. పొద్దుట్నుంచీ అలిసిపోయావు. వెళ్ళి కాసేపు నడుం వాల్చు." కింద ఫోను మోగింది. ఆయన పరుగులాంటి నడకతో దిగిపోయాడు.

శ్రీకర్ ఆమె చేతిలోని మజ్జిగ గ్లాసులు అందుకుని ఖాళీవి పెట్టాడు. బల్లమీద ఆమె వైపున్న పాచిక తన వైపుకి లాక్కున్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

"ఆగింది హర్షా. కొట్టు," అన్నాడు.

నాగేశ్వరి గడప అవతలికొచ్చి, శ్రీకర్ ఇంకేమైనా అంటాడేమోనని నిలబడింది. అతను లేచొచ్చి తలుపు మూశాడు.