ఏ గడ్డం?

వెల్డరు దొంగతనం చేయలేదని భార్యకు తెలుసు. కానీ నాలుగు రోజుల కిందట గడియారాల కొట్టు దోచినవాడి గడ్డం చూశానని ఎదురింటి కుట్టుమిషను అవ్వ చెప్పిందట, ఎస్సై "గడ్డంవాడు" అని రాసుకున్నాడట. ఖర్మ కాకపోతే, ఆ వీధిలో గుబురు గడ్డం ఉన్నది వెల్డరు ఒక్కడికే! పది గంటలకు స్టేషన్లో అవ్వ ముందు నిలబడాలి. ఆవిడ వేలు చూపిందా, జైలే.

"గీయించుకో. గడ్డం లేకపోతే ఎలా గుర్తుపడుతుంది?"

"చేయని తప్పుకి నేనెందుకు దాక్కోవాలే?"

"నీతులు తర్వాత చెబుదువుగాని, ముందు నడు!" అని మొగుణ్ణి సెలూన్‌కి తరిమింది.

అయినా మనసు ఊరుకోలేదు. అవ్వ దగ్గరికి పరుగెత్తి, మిషను ముందు కూర్చున్న ఆవిడ గడ్డం పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది అవ్వా, నా సంసారం కూల్చకు. గడ్డం ఉన్నవాళ్ళంతా దొంగలా?"

"గడ్డం లేనివాళ్ళెవరే, పిచ్చిమొహమా?" అంది అవ్వ. "వాడు హెల్మెట్ పెట్టుకున్నాడు. కింద గడ్డం ఒక్కటే కనబడింది. ఇదిగో, ఇది." తన బోసినోటి కింది ఎముకను తట్టి చూపింది. "నున్నగా ఉంది, మధ్యలో సొట్ట."

"వెంట్రుకలు లేవా?"

"ఉంటే సొట్టెలా కనబడుతుందే! ముఖంతో పాటు పుట్టే ఈ ఎముకే అసలు గడ్డం. వయసొచ్చాక దానిమీద మొలిచినదానికీ అదే పేరు తగిలించేశారు, ఇంకో మాట దొరకలేదు కాబోలు. ఏ గడ్డమని ఆ ఎస్సై అడిగి చస్తేగా!"

భార్యకు అప్పుడు గుర్తొచ్చింది. మొగుడి గడ్డానికీ సొట్టే! పెళ్ళినాడు చూసింది. పదేళ్ళుగా దాన్ని వెంట్రుకలు కప్పేశాయి. అతన్ని కాపాడే ఒక్క సాక్ష్యాన్నీ తానే కత్తికి అప్పగించింది.

చెప్పులైనా వేసుకోకుండా పరుగు తీసింది. "ఆపవయ్యా! కత్తి ఆపు!" అని వీధి మలుపు నుంచే అరిచింది.

కుడి చెంప అప్పటికే నున్నగా అయిపోయింది. కత్తి సరిగ్గా సొట్ట దగ్గర ఆగింది.

"నురుగు కడుక్కుని ఇలాగే రా."

"సగం గడ్డంతోనా? అందరూ నవ్వుతారే!"

"నవ్వి చావనీ!"

స్టేషన్లో అందరూ నవ్వారు. "ఏమిటీ వేషం?" అన్నాడు ఎస్సై. ఆమె మొగుణ్ణి ముందుకు లాగింది. గీసినవైపు ఎముక మీద వేలు పెట్టింది.

"అయ్యా, ఇది గడ్డం." గీయనివైపు గుప్పెడు వెంట్రుకలు పట్టుకుంది. "ఇదీ గడ్డమే, నాలుగు రోజుల్లో మొలిచింది కాదు. మీరు రాసుకున్నది ఏది?"

అవ్వ తన గడ్డం తట్టుకుని, "ఇదయ్యా, నున్నటిది" అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఎస్సై కాగితం ముందుకు లాక్కుని "గడ్డంవాడు" కొట్టేశాడు. కాసేపు ఆలోచించి, పైన "చుబుకం" అని రాశాడు.