కంచె లేని చేను

ఆల్వా ట్రాస్క్ నెబ్రాస్కా మైదానంలో కాలుపెట్టేనాటికి అక్కడి వాగు చుట్టుపక్కల ఇల్లన్నదే లేదు. కనుచూపు మేరా గడ్డి, ఆ గడ్డి మీద గాలి. భార్య లొవైనా బండి దిగి చుట్టూ చూసి, "పొయ్యిలోకి పుల్ల కూడా దొరికేట్టు లేదు కదా ఆల్వా!" అంది.

నిజమే, చెట్టన్నది లేదు. వేళ్లతో సహా గడ్డిపెళ్లలు కోసి గోడలు పేర్చుకున్నారు. ఎండిన అడవిదున్నల పేడతో వంట చేసుకున్నారు. ఎద్దులు మోకాళ్ల మీద కూలబడేంత గట్టి నేలను దున్ని మొక్కజొన్న వేశారు.

రెండో ఏడు చేను కంకి వేసింది. గింజ ఇంకా పాలమీద ఉండగానే బర్డెట్ అనే ఆసామి పశువుల మంద వచ్చిపడింది. ఆల్వా కర్ర పుచ్చుకుని ఒక వైపు తోలితే మరో వైపు దూరాయి. పొద్దెక్కేసరికి చేనంతా నేలమట్టమైపోయింది.

బర్డెట్ గుర్రం కూడా దిగలేదు. "చట్టం తెలియదా? చేను కావాలనుకున్నవాడు కంచె వేసుకోవాలి" అన్నాడు.

"కంచెకి కర్ర ఏదండీ ఇక్కడ? ఒక్క చెట్టు చూపించండి."

"అది నా తలనొప్పి కాదు. చేతకాకపోతే వచ్చిన దారినే పో."

ఆ సాయంత్రం లొవైనా తొక్కుడుపడిన కంకులు ఏరుతూ అడిగింది. "ఆ చట్టం దేవుడు రాశాడా, మనుషులు రాశారా?"

"మనుషులే."

"అయితే నువ్వెళ్లి ఇంకోటి రాయి."

"నేనా! నలుగురిలో నోరు తెరిస్తే నాలుక మడతపడుతుంది నాకు."

"ఎద్దుల్ని తిట్టేటప్పుడు మడతపడదుగా? సభలో ఉన్నవాళ్లూ ఎద్దులే అనుకో."

ఆల్వా శాసనసభ ఎన్నికల్లో నిలబడ్డాడు, కానీ ఉపన్యాసాలివ్వలేదు. ఊరూరూ తిరిగి, ఎవరి చేలో కోత నడుస్తుంటే అక్కడ కొడవలి పట్టాడు. పని చేస్తూనే తన సంగతి చెప్పుకున్నాడు. బొహీమియా నుంచి వచ్చిన ముసలి రైతు కుచేరా అందరితోనూ అన్నాడు, "మాటలు చెప్పేవాళ్లని చాలామందిని పంపాం. ఈసారి పని వచ్చినవాడిని పంపి చూద్దాం." వాగు ఈవలి రైతులంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. ఆల్వా గెలిచాడు.

రాష్ట్ర శాసనసభలో అతని మట్టిబూట్లు చూసి కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. పశువులు ఎవరివో, వాటిని కాచుకునే బాధ్యతా వాళ్లదేనని అతను ప్రతిపాదన పెట్టాడు. పశువుల ఆసాముల పక్షాన పెక్ అనే వకీలు లేచి చాలాసేపు దంచాడు. "రైతు తన చేనుకి కంచె వేసుకోవాలి. ఇందులో అన్యాయమేముంది?"

ఆల్వా లేచాడు. మొదటి మాటకే నాలుక మడతపడింది. రెండోదానికీ అంతే. వెనక బల్లల్లో ఎవరో దగ్గారు. అతను బల్లను గట్టిగా పట్టుకుని అడిగాడు.

"పెక్ గారూ, మీరు కుక్కని పెంచుతున్నారా?"

"పెంచుతున్నాను. అయితే?"

"అది పక్కింటాయన పిక్క పట్టుకుందనుకోండి. కుక్కని కట్టేస్తారా? పక్కింటాయన్ని ఇనుప లాగు తొడుక్కోమంటారా?"

సభంతా గొల్లుమంది. అక్కణ్నుంచి ఆల్వా నాలుక ఆగలేదు. ఎండ కాచిన నేల గురించి, లొవైనా ఏరిన పచ్చికంకుల గురించి చెప్పాడు. ఓట్లు లెక్కపెట్టారు. వెంట్రుకవాసిలో చట్టం నెగ్గింది.

తిరిగొచ్చిన రోజు వాగు దగ్గర జనం అతన్ని బండి దిగనివ్వలేదు, భుజాల మీదికి ఎత్తుకున్నారు. "దింపండర్రా, పడేసి చంపేట్టున్నారు!" అని అరుస్తున్నా ఎవరూ వినలేదు. కుచేరా అయితే ఏడుస్తూ నవ్వాడు.

మరుసటేడు బర్డెట్ మంద కాపరులతో వచ్చింది. బర్డెట్ టోపీ తీసి, "ట్రాస్క్ గారూ, ఈ అంచు వెంట తోలుకెళ్లొచ్చా?" అని అడిగాడు.

"వెళ్లండి. గడ్డి మీ పశువులది, గింజ మాది" అన్నాడు ఆల్వా.

ఆ పంట గాదె నిండి ఇంట్లోకి వచ్చింది. మంచం చుట్టూ కంకులే. వాటి మీద నుంచి అడుగులు వేస్తూ లొవైనా, "గింజలు పండాయి సరే, పట్నం చేరేదెలా? వాగు మీద వంతెన లేదాయె" అంది.

"అయితే మళ్లీ వెళ్లమంటావా?"

"బూట్లు తుడిచే పెట్టాను."

ఆ ఏడు ఆల్వా మీద పోటీకి ఎవరూ నిలబడలేదు.