ఇంట్లో క్లైవ్ వాటా

మా మరదలు జనీన్ మా తమ్ముడు క్లైవ్ మీదికి టీ కప్పు విసిరిన రోజున నేను అక్కడే ఉన్నాను. కప్పు వాడికి తగల్లేదు. తగిలేలా ఉన్నా నేను అడ్డం వెళ్లేదాన్ని కాదు.

అప్పటికి నాలుగున్నరేళ్ల కిందట వాడి వంటగదులు బిగించే వ్యాపారం మునిగింది. అంతకుముందు ఒక క్రెడిట్ కార్డు బాకీ ఇంకో కార్డుతో తీరుస్తూ, పెళ్లానికి తెలీకుండా చాన్నాళ్లు నెట్టుకొచ్చాడు. చివరికి ఎవడో అప్పుల కంపెనీవాడు ఫోన్లో ఒప్పందం కుదిర్చాడు. ఐదేళ్లపాటు కొత్త ఉద్యోగం జీతంలోంచి నెలనెలా కొంత కడితే మిగతాది మాఫీ. అప్పులవాళ్లు గుమ్మం తొక్కరు. జనీన్ అప్పుడు ఒక్కటే అడిగింది, "మరి ఇల్లు?" అని.

"ఇంటికేం కాదు," అన్నాడు వీడు.

ఆ మాట పట్టుకుని ఆ పిల్ల ఆస్పత్రి లాండ్రీలో శనివారాలు కూడా పనిచేసింది. సెలవులన్న మాటే ఎత్తలేదు. ఆక్రింగ్టన్ ఊళ్లో మా వీధి మొత్తానికి శుభ్రంగా ఉండే కిటికీలు ఆమెవే.

ఇక ఆర్నెల్లలో గండం గట్టెక్కుతుందనగా కంపెనీనించి ఫోనొచ్చింది. క్లైవ్ స్నానంలో ఉంటే జనీన్ ఎత్తింది.

"ఇంటికి ధర కట్టే సమయం వచ్చిందండీ. మీవారు చెప్పలేదా?" అంది అవతలమ్మాయి.

మీవారు చెప్పలేదు. ఒప్పందంలో అది మొదట్నుంచీ ఉంది. చివర్లో ఇంటికి ధర కడతారు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి, అందులోంచి ఇంటి మీదున్న బ్యాంకు బాకీ తీసేయగా మిగిలినదాంట్లో వాడి సగం ఐదువేల పౌండ్లు దాటిందా, ఇంటి మీద మళ్లీ అప్పు తెచ్చి ఆ డబ్బు వాళ్లకి కట్టాలి. అప్పు పుట్టకపోతే ఇంకో ఏడాది వాయిదాలు. కంపెనీవాళ్ల కంప్యూటర్ చెప్పిన ధర ప్రకారం క్లైవ్ వాటా తొమ్మిదివేలు.

తల తుడుచుకుంటూ దిగొచ్చాడు వాడు. అప్పుడు లేచింది కప్పు.

"నువ్వొక సంతకం పెడితే అయిపోతుంది జనీన్. బ్యాంకువాళ్లు ఇస్తారు," అన్నాడు నసుగుతూ.

"ఎవరి డబ్బయ్యా అది? మా అమ్మది! నలభై ఏళ్లు బిస్కెట్ ఫ్యాక్టరీలో నిలబడి సంపాదించింది. పోతూ నాకిస్తే తెచ్చి ఈ ఇంటి బాకీలో పోశాను. బాకీ తగ్గేకొద్దీ నీ సగం పెరిగింది. ఇప్పుడు నీ కార్డులవాళ్లకి మా అమ్మ చెమట కావాలా?"

"నేనేం కావాలని..."

"నీకు తెలుసా, తెలీదా? అది చెప్పు ముందు."

వాడు నావైపు చూశాడు. "అక్కా, నువ్వైనా చెప్పవే."

"తెలుసో తెలీదో చెప్పరా," అన్నాను నేను.

"తెలుసు," అన్నాడు.

జనీన్ ఇంకేం విసరలేదు. అది చూసే నాకు భయం వేసింది.

సంతకం పెట్టనంది. అలాగని ఇంకో ఏడాది కడుతూ కూర్చోనూ లేదు. మర్నాడు ఇద్దరం కలిసి ఊళ్లో అప్పులవాళ్లకి ఉచితంగా సలహా చెప్పే చోటికి వెళ్లాం. అక్కడున్న ఒకామె అంతా విని, "కంప్యూటర్ మీ ఇంట్లోకి వచ్చి చూసిందా? ఇల్లు చూసి ధర కట్టే సర్వేయర్ని పంపమనండి. అబద్ధం చెప్పొద్దు. ఉన్నదేదీ దాచొద్దు," అంది.

దారిలో జనీన్ పళ్లు కొరికింది. "ఇరవై రెండేళ్లుగా దాస్తూనే ఉన్నాను వదినా. చుట్టాలొస్తే చెమ్మ గోడకి అడ్డంగా బీరువా జరిపాను. ఇప్పుడు ఎవడో ముక్కూమొహం తెలీనివాడికి విప్పి చూపించాలి."

వారం తిరక్కుండా సర్వేయర్ వచ్చాడు. పేరు రూనీ, నెమ్మదస్తుడు. గుమ్మంలో నిలబడి, "ఇల్లు ముచ్చటగా పెట్టుకున్నారండీ," అన్నాడు.

"ముందు లోపలికి రండి," అంది జనీన్.

వెనకగదిలో బీరువా తనే తోసింది. గోడకి అంటించిన రంగుకాగితం అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజితే కిందిదాకా ఊడొచ్చింది. వెనకాల గోడంతా నల్లగా బూజు.

"ఇది మా పెళ్లైన రెండో ఏడే బాగుచేస్తానన్నాడు. రాసుకోండి. పైన రండి, ఈ పగులు చూడండి, వేలు దూరుతుంది. వచ్చే వేసవిలో అన్నాడు, ఏ వేసవో చెప్పలేదు. ఇదిగో అటక. వానొస్తే బకెట్ పెడతాను. ఊరందరికీ వంటగదులు బిగించాడు, మా వంటింట్లో ఈ తలుపు కీలు చూడండి. అదీ రాసుకోండి."

మెట్ల కింద క్లైవ్ తలొంచుకు నిలబడ్డాడు. ధర తగ్గించడానికి చెబుతోందో, వాడి మొహం మీద చెబుతోందో నాకే తెలీలేదు. రూనీ ఒకటి రెండుసార్లు "తలుపు కీలు లెక్కలోకి రాదండీ" అనబోయి మానుకున్నాడు.

అతను వెళ్లాక జనీన్ ఊడిన కాగితం పక్కన కూలబడి ఏడ్చింది. దుఃఖంతో కాదు, ఒళ్లు మండి. క్లైవ్ భుజం మీద చెయ్యి వేయబోతే, "ముట్టుకోకు," అంది.

కొత్త ధరతో లెక్క తేలింది. క్లైవ్ వాటా మూడువేల చిల్లర. ఐదువేలు దాటలేదు కాబట్టి కంపెనీవాళ్లు ఇంటి జోలికి రాలేదు. మిగిలిన వాయిదాలు కట్టగానే ఒప్పందం ముగిసింది.

ఆ సాయంత్రం వాడు వేయించిన చేపలూ చిప్సూ ముగ్గురికీ పట్టుకొచ్చాడు, మొహం వెలిగిపోతూ. "గెలిచాం జనీన్!"

"గెలిచింది ఎవరు? నేను నా ఇంటిని నలుగురిలో పాడిల్లని చెప్పుకుని బయటపడ్డాను. నువ్వు మెట్ల కింద నిలబడ్డావు." పొట్లం విప్పలేదు. "సోమవారం లాయరు దగ్గరికి వస్తున్నావు. మా అమ్మ డబ్బు మేరకి ఇల్లు నాదని, మిగిలిందే చెరిసగమని రాసిస్తావు."

"నన్ను నమ్మవా?"

"నమ్మను."

వాడు మళ్లీ నావైపు చూశాడు. నేను చేప ముక్క తింటూ కూర్చున్నాను.

సోమవారం వెళ్లి సంతకం పెట్టాడు. ఆ నెలంతా సెలవు రోజుల్లో వెనకగది గోడ గీకాడు, సున్నం కొట్టాడు, ఆమె ఒక్క మాటైనా మెచ్చుకోలేదు. ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉన్నారు. వాడి పేరు మీద వచ్చే ఫోనైనా, కవరైనా ముందు జనీన్ చేతిలోకే వెళుతుంది. ఎన్నాళ్లు ఇలాగని క్లైవ్ నన్నడిగాడు ఒకసారి.

"ఆమెని అడుగు," అన్నాను. వాడు ఇంతవరకూ అడగలేదు.