చేతులెత్తే జట్టు

క్లబ్బు స్వర్ణోత్సవ సభలో కొత్త కార్యదర్శి మైకు ముందు నిలబడి మా ఫుట్‌బాల్ జట్టు గురించి ఒక మాట అన్నాడు. ఈల మోగగానే మన ఆటగాళ్లందరూ ఒక చేయి పైకెత్తుతారు, అది రిఫరీ పట్ల గౌరవానికి గుర్తు, క్రీడా మర్యాద కోసం మన పెద్దలు వేసిన బాట అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్లు మండింది. మర్యాదా, నా మొహమా. ఆ పెద్దలు రిఫరీలను ఎన్నెన్ని మాటలు అనేవాళ్లో వాళ్ల జెర్సీలు ఉతికిన నన్ను అడగాలి.

తప్పు ఆ అబ్బాయిది కాదు. అతను పుట్టకముందు సంగతి అది. చెప్పాల్సిన వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జట్టు కెప్టెన్ మా ఆయన. గోల్‌కీపరు మా అన్నయ్య. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇక మిగిలిన నోరు నాదే కాబట్టి నేనే చెబుతున్నాను.

క్లబ్బు మొదట్లో పరుగు పందేల వాళ్లది. బాయిలర్లు తయారుచేసే కార్ఖానాలో పనిచేసే కుర్రాళ్లు కొందరు కలిసి, కార్ఖానా వెనకాల ఉన్న ఖాళీ జాగాను చదును చేసుకుని పెట్టుకున్నారు. ఎవరికీ జీతాల్లేవు, బహుమతుల్లేవు. వానాకాలం వస్తే పరుగుదారి బురదై కాళ్లు దిగబడేవి. ఊరికే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం దేనికని ఎవరో ఒక పాత తోలు బంతి తెచ్చారు. మా ఫుట్‌బాల్ జట్టు పుట్టుక అంతే. అందులో ఏ గొప్ప ఆశయమూ లేదు.

ఆడటం ఎవరికీ వచ్చేది కాదు. పరుగు మాత్రం వచ్చు. బంతిని తన్నేసి దానికంటే ముందు తాము పరిగెత్తేవాళ్లు. బంతి వెనకాలే ఉండిపోయేది, వీళ్లు అవతలి గోలు దాకా వెళ్లి దిక్కులు చూసేవాళ్లు. మొదటి ఏడాది ఓడని ఆట లేదు. చూడటానికి వచ్చిన జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వి ఇళ్లకు పోయేవాళ్లు. అయినా లెక్కకు అందనన్ని గోల్సు పడలేదంటే, అది మా అన్నయ్య వల్ల. పరిగెత్తడం చేతకాని వాడు క్లబ్బులో వాడొక్కడే. బరువులెత్తే మనిషి. రెండు కర్రల మధ్య నిలబెడితే చాలని నిలబెట్టారు. అందరూ వాడిని 'గోడ' అనేవాళ్లు.

ఆ పేరు పెట్టినవాళ్లకు అసలు సంగతి అప్పటికి తెలియదు. నాకు తెలుసు. పెళ్లికాని మనిషి కాబట్టి రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఏదైనా అడిగితే బదులుండేది కాదు. అలిగాడేమో అనుకునేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే మామూలుగానే నవ్వేవాడు. కొన్నాళ్లకు అర్థమైంది, నా మొహం కనబడితేనే నా మాట వాడికి అందుతోందని.

బాయిలరు పని అలాంటిది. రేకులను కలిపి బిగించే రివెట్టు మేకును ఎర్రగా కాల్చి బయటి నుంచి ఒకడు సుత్తితో బాదుతుంటే, బాయిలరు లోపల ముడుచుకుని కూర్చున్నవాడు రెండో వైపు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. లోపల కూర్చునేది మా అన్నయ్య. ఆ చప్పుడు ఇనుములో తిరిగి తిరిగి చెవిలోకే వచ్చేది. ఏళ్ల తరబడి అలా కూర్చుంటే ఎవరి చెవులు మాత్రం మిగులుతాయి.

"ఎవరికీ చెప్పకే, చెల్లాయ్," అన్నాడు నేను అడిగిన రోజున. "తెలిస్తే బయటికి పంపించేస్తారు."

నిజమే. కార్ఖానాలో తలల మీదుగా క్రేను ఇనుప రేకులు మోసుకుపోతుంటుంది. గంట మోగితే కింద ఉన్నవాళ్లు తప్పుకోవాలి. గంట వినపడనివాడికి లోపల చోటు లేదని మేనేజరు నియమం పెట్టాడు. అది చెడ్డ నియమమని నేననను. ఒక మనిషి నలిగిపోయాకే అది పెట్టారు. కానీ మా అన్నయ్యకు ఆ పని తప్ప మరో పని రాదు, ఆ కార్ఖానా తప్ప మరో లోకం లేదు. సంగతి కనిపెట్టిన పక్కవాళ్లు గంట మోగినప్పుడు వాడి చొక్కా పట్టుకుని లాగేవాళ్లు. అలా నెట్టుకొచ్చాడు.

మైదానంలో చొక్కా లాగడానికి ఎవరుంటారు? ఈల మోగాక కూడా వాడు బంతి కోసం దూకడం మా ఆయన గమనించారు. మా ఆయన కార్ఖానాలో పోత పనికి చెక్క నమూనాలు చేసే వడ్రంగి. ఏదైనా ఒకటికి పదిసార్లు కొలిచి చూసే మనిషి. ఒక సాయంత్రం జట్టునంతా క్లబ్బు గదిలో కూర్చోబెట్టి చెప్పారు.

"ఈల వినపడగానే ఎక్కడివాళ్లక్కడ ఆగి చెయ్యెత్తండి. బావకి ఎటు చూసినా ఒక చెయ్యి కనపడాలి. ఎందుకెత్తుతున్నారని ఎవరైనా అడిగితే, మా అలవాటు అనండి. అంతకుమించి నోరు జారితే మాత్రం ఊరుకోను."

ఒక్కరు కూడా నోరు జారలేదు. అవతలి జట్ల వాళ్లు మాత్రం వేళాకోళం చేసేవాళ్లు. "అప్పుడే చేతులెత్తేశార్రోయ్" అని గట్టు మీద నుంచి కేకలు వేసేవాళ్లు. మా వాళ్లు పళ్లు బిగబట్టి చెయ్యెత్తేవాళ్లు. రెండో ఏడాదికి ఆట పట్టుబడింది. మూడో ఏడాది చివరి పోటీ దాకా వచ్చారు. అవతల తపాలా జట్టు.

ఆ పోటీకి మేనేజరు వస్తున్నాడని కబురొచ్చింది. వస్తానని చెబుతూనే, "మన వాళ్లు మాటిమాటికీ చేతులెందుకు ఎత్తుతారయ్యా?" అని ఫోర్‌మన్‌ను అడిగాడట. అది విన్నాక మా ఆయనకు అన్నం సహించలేదు. నిద్ర లేదు. మర్నాడు ఆటకు ముందు జట్టుకు చెప్పారు, ఇవాళ ఒక్కరోజు ఎవరూ చెయ్యెత్తొద్దని. గోలుకు దగ్గరగా ఉండే బ్యాక్ ఆటగాడు ఒక్కడే ఈల మోగగానే వెనక్కి తిరిగి అన్నయ్య మొహంలోకి చూడాలి. అదే గుర్తు.

"నువ్వేమంటావు బావా?" అని అన్నయ్యను అడిగారు.

"చెవులు పోయినాయి గానీ కళ్లున్నాయిగా బావా. చూసుకుంటాలే," అన్నాడు వాడు నవ్వుతూ.

వాడి ఉద్యోగం కాపాడాలనే చేశారు. అంతమంది కలిసి ఒక మనిషి మీద ప్రేమతో చేసిన పొరపాటు అది. నేను ఇన్నేళ్లుగా ఎంత తిరగేసి చూసినా అందులో దురుద్దేశం కనపడలేదు. అందుకే మరీ బాధ.

వాన పడుతోంది. ఆట చివరికి వచ్చింది. తపాలా జట్టులో ముందు ఆడే అతను బంతి తీసుకుని మా గోలు వైపు వస్తున్నాడు. ఉత్తరాలు పంచే మనిషి, వీధులన్నీ నడిచి గట్టిపడ్డ కాళ్లు. ఆ పక్కనే వాళ్లవాడొకడు మా బ్యాక్ ఆటగాడిని తోసేశాడు. వాడు బురదలో బోర్లా పడ్డాడు. రిఫరీ ఈల వేశాడు. ఈల ఎవరి కోసం మోగిందో, వెనక్కి తిరిగి చూడాల్సింది సరిగ్గా వాడే. వాడి మొహం బురదలో ఉంది.

మిగతా అందరూ ఆగిపోయారు. చేతులు కిందనే ఉన్నాయి. తపాలా అతను కూడా బంతి మీద ఒక కాలు ఆనించి, రిఫరీ వైపు తిరిగి తీరిగ్గా నిలబడ్డాడు. అన్నయ్యకు కనపడిందల్లా తన ముందు బంతితో నిలబడ్డ మనిషి. ఒంటి బరువంతా వేసి దూకాడు. తపాలా అతని కాలు విరిగిన చప్పుడు గట్టు మీద ఉన్న నాకు కూడా వినపడింది. మైదానంలో వినపడనిది వాడొక్కడికే. బంతిని గుండెలకు హత్తుకుని లేచి, అందరూ తనను ఎందుకలా చూస్తున్నారో తెలియక నా వైపు చూశాడు.

ఈల మోగాక కావాలని కాలు విరగ్గొట్టాడని ఊరంతా కోడై కూసింది. విచారణ పెడతామని పోటీలు నడిపే సంఘం వాళ్లు కబురు పంపారు. నేరం రుజువైతే అన్నయ్యను ఆట నుంచి వెలివేస్తారు, జట్టును తీసేస్తారు. నిజం చెబితే వాడి పని పోతుంది. మా ఆయన జట్టునంతా కూర్చోబెట్టి ఒక మాట మీదకు తెచ్చారు. వాన హోరులో ఈల ఎవరికీ వినపడలేదని చెప్పాలి. అందరూ సరేనన్నారు. అన్నయ్య కూడా తలూపాడు.

విచారణకు ముందు రోజు, అన్నయ్య నన్ను వెంటబెట్టుకుని తపాలా అతన్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాడు. కాలికి చెక్కలు కట్టి, పైనుంచి తాడుతో వేలాడదీశారు. మమ్మల్ని చూసి అతని భార్య లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయింది. అన్నయ్య మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను తిట్టలేదు. మొహం గోడ వైపు తిప్పుకుని మెల్లగా మాట్లాడాడు.

బయటికి వచ్చాక, మెట్ల దగ్గర అన్నయ్య నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఏమన్నాడే?"

చెప్పకుండా ఉందామనుకున్నాను. వాడి చూపు నా పెదవుల మీద నుంచి కదల్లేదు.

"కాలు అతుక్కుంటుందట. ఉత్తరాలు మోయడం మాత్రం ఇక కుదరదన్నారట. దానికి బాధ లేదన్నాడు. తోటి మనిషి కావాలని ఎందుకు చేశాడో అర్థం కావట్లేదట. నిద్ర పట్టట్లేదట."

అన్నయ్య దారి పొడవునా నాకంటే ముందే నడిచాడు. అన్నం పెడితే కెలికి లేచిపోయాడు.

విచారణ మా క్లబ్బు గదిలోనే జరిగింది. తడి బూట్ల వాసన, కాళ్లకు రాసుకునే నూనె వాసన. బల్ల వెనక సంఘం పెద్దలు, వాళ్ల పక్కన మేనేజరు. జెర్సీల మూట తెచ్చిన వంకతో నేను వాళ్ల వెనకున్న తలుపు దగ్గరే ఉండిపోయాను. మా ఆయన లేచి, వాన హోరు గురించి చెప్పారు. జీవితంలో అబద్ధమాడటం అలవాటు లేని మనిషి, మెడ మీద చెమటలు పట్టడం నాకు కనపడుతోంది. జట్టు వాళ్లు ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు.

చివరకు సంఘం అధ్యక్షుడు అన్నయ్య వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆయనకు నోరు కప్పేసేంత మీసాలు. అన్నయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను ఆయన వెనక నిలబడి, పెదవులు కదిపి ప్రశ్న అందించబోయాను. వాడు వద్దన్నట్టు తలూపాడు.

"అయ్యా, మీ మీసాల మూలంగా మీరు అడిగింది నాకు అందలేదు," అన్నాడు. "నాకు చెవులు వినపడవు. చాలా ఏళ్లయింది. ఆ రోజు ఈల వీళ్లందరికీ వినపడింది. నా ఒక్కడికే వినపడలేదు. వీళ్లు నా కోసం అబద్ధమాడుతున్నారు, వీళ్లనేమీ అనకండి. నేను కావాలని చేయలేదని ఆ తపాలా అతనికి ఒక్కసారి చెప్పించండి. ఇవాళే చెప్పించండి, పాపం నిద్ర పట్టట్లేదట."

మా ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆయన కఠినుడు కాదు. కానీ ఆ మాట విన్నాక విననట్టు ఉండలేడు. మర్నాటి నుంచి అన్నయ్యకు కార్ఖానా గేటు మూసుకుపోయింది. నేరం లేదని సంఘం తేల్చింది. దాంతోపాటే చెవులు వినపడనివాడు పోటీల్లో ఆడటానికి వీల్లేదనీ తేల్చింది. పనీ పోయింది, ఆటా పోయింది. ఒక కలప అడితిలో రంపం లాగే పనికి కుదిరాడు. నేను ఏడిస్తే కసిరేవాడు. మా ఆయన మాత్రం ఆ ఏడాదంతా అన్నయ్య ఎదురుగా కూర్చుని సరిగ్గా అన్నం తినలేకపోయారు.

మళ్లీ వానాకాలం వచ్చింది. మొదటి ఆట తపాలా జట్టుతోనే పడింది. అన్నయ్య రానన్నాడు. నేను బలవంతంగా లాక్కొచ్చి గట్టు మీద కూర్చోబెట్టాను. కాసేపటికి చేతికర్ర ఊతంతో ఒకతను మెల్లగా నడుచుకుంటూ వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. తపాలా అతను.  అతను కొంచెం జరిగి, తన మొహం అన్నయ్యకు కనపడేలా కూర్చున్నాడు.

మా గోల్‌లో కొత్త కుర్రాడు, చెవులు చురుకైనవాడు. ఆట మొదలైన కాసేపటికి ఎవరో బంతిని చేత్తో తాకారు. ఈల మోగింది.

మైదానం మధ్యలో మా ఆయన చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే మా జట్టంతా చేతులెత్తి నిలబడింది. ఈసారి గట్టు మీద ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడెందుకే? ఆ కుర్రాడికి వినపడుతుందిగా," అన్నాడు అన్నయ్య.

 ఆట అయ్యాక బూట్లు విప్పుకుంటున్న మా ఆయన్ను అడిగాను. తలెత్తకుండానే చెప్పారు.

"ఆ రోజు ఎత్తలేదు. అందుకని."

గౌరవం, మర్యాద అని ఆ కార్యదర్శి అన్నది దీన్ని. వచ్చే సభలో ఈ మాట కూడా చెబితే బాగుంటుంది. చెప్పకపోయినా ఫరవాలేదు. అన్నయ్యను గట్టు మీద కూర్చోబెట్టిన రోజున, రెండోసారి ఈల మోగినప్పుడు నేను కళ్లారా చూశాను. మైదానంలో చేతులు లేచాయి. అన్నయ్య వాటి వైపు ఒక్క క్షణం చూశాడు. ఆడినన్నాళ్లూ అందరూ వాడి కోసమే ఎత్తారు గానీ, వాడెప్పుడూ ఎత్తింది లేదు. రంపపు పొట్టు అంటిన తన చేతిని మెల్లగా పైకెత్తాడు. రిఫరీ మళ్లీ ఆట మొదలుపెట్టినా దించలేదు. పక్కనున్న తపాలా అతను మోచేయి పట్టుకుని, ఆట మొదలైందన్నట్టు మెల్లగా కిందికి దించాడు.