రెండువైపులా కోసిన సలామీ

మీనాక్షి ఆంటీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉండేది. నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు: "మాంసం, చేప, గుడ్డు ఈ ఇంట్లోకి రాకూడదు." కెనడాలో చదువుకని విన్నిపెగ్‌లో దిగిన వారానికి నేను బేస్‌మెంట్ గది చూడడానికి వెళ్తే, ఆంటీ నన్ను గదిలోకి కాకుండా ముందు ఆ ఫ్రిజ్ దగ్గరికే తీసుకెళ్ళారు.

"చదువు. మిగతా మాటలు తర్వాత."

చదివి, సరేనండీ అన్నాను. మాది నాగాయలంక దగ్గర పల్లెటూరు. వారంలో నాలుగు రోజులు చేపల కూరే. కానీ అది రెండువేల ఇరవైమూడు. మనవాళ్ళంతా ఒక్కసారే వచ్చిపడ్డట్టు ఉండేది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, హాలు నిండా పరుపులు. మా క్లాసులో ఒకమ్మాయి బట్టల అలమరలో పక్క వేసుకుని, తలుపు మూస్తే చీకటిగా ఉండి నిద్ర బాగా పడుతోందని చెప్పేది. అలాంటప్పుడు నా ఒక్కదానికే ఒక గది, దానికో కిటికీ. చేపలదేముంది, ఎప్పుడైనా తినొచ్చు.

"పేరేంటన్నావ్?"

"అబిగేల్ అండి."

ఆంటీ కాగితం వైపు ఇంకోసారి చూశారు. "గుడ్డు కూడా," అన్నారు.

పొద్దున పూట నేను సార్జెంట్ వీధిలో ఒక పోర్చుగీసు బేకరీలో పనిచేసేదాన్ని. దాని యజమాని లుర్దెస్ అనే పెద్దావిడ. అట్లాంటిక్ మధ్యలో ఏదో దీవిలో పుట్టి, ఇరవై ఏళ్ళప్పుడు ఇక్కడికొచ్చింది. అందరూ ఆమెను డోనా లుర్దెస్ అంటారు. మనం గారు అన్నట్టు. నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి ఆమెకు నచ్చాను. ఆమె మాట్లాడుతూ ఉంటే నేను ట్రేలు తుడుస్తూ వినేదాన్ని.

డిసెంబర్‌లో ఆవిడ చాక్లెట్ సలామీలు చేయడం మొదలుపెట్టింది. అసలు సలామీ అంటే మాంసాన్ని ముద్దచేసి, రోకలిలా చుట్టి, తాడుతో బిగించి ఆరబెట్టేది. పైన తెల్లగా బూజు పడుతుంది, కోస్తే లోపల కొవ్వు ముక్కలు తెల్లగా కనిపిస్తాయి. పోర్చుగీసువాళ్ళు దాన్ని వెక్కిరించినట్టు చాక్లెట్‌తో చేస్తారు. కోకో, వెన్న, పంచదార కలిపి, అందులో మారీ బిస్కెట్లు విరిచి వేస్తారు. అవే మన టీలో ముంచుకునే మారీ బిస్కెట్లు. చుట్టి, పంచదార పొడిలో దొర్లించి, తాడు కట్టేస్తే దాని సొంత తల్లి కూడా పోల్చుకోలేదు.

"పండక్కి నీకొకటి," అంది డోనా లుర్దెస్.

"గుడ్డు వేస్తారా?"

"వేయకుండా ఎలా?"

ఫ్రిజ్ మీది కాగితం సంగతి చెప్పాను. ఆవిడ పోర్చుగీసులో ఏదో గొణిగి, నా కోసం గుడ్డు లేకుండా ఇంకొకటి చుట్టింది. అంటే నేను నియమం తప్పలేదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

మూరెడు పొడవున్న ఆ సలామీని తెచ్చి ఫ్రిజ్‌లో నా అరలో పెట్టాను. ఆంటీ రాగానే చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆవిడ వచ్చారు, ఫ్రిజ్ తీశారు, అలాగే నిలబడిపోయారు.

"ఆంటీ, అదీ..."

"నాకేం చెప్పకు," అన్నారు చెయ్యి అడ్డంపెట్టి. కళ్ళు మూసుకుని, పెరుగు గిన్నె తడుముకుని తీసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం క్లాసుకు బయల్దేరుతుంటే మెట్ల దగ్గర ఆంటీ భర్త రామమోహనరావు అంకుల్ పట్టుకున్నారు. అంకుల్‌కి షుగర్. ఆంటీ ఆయనకి అన్నం కూడా కొలిచి పెట్టి, కనిపెట్టుకుని ఉంటారు.

"అబిగేలమ్మా, అది చాక్లెట్ కదూ?"

"అవునండీ. ఎలా తెలిసింది?"

"కొంచెం... పరీక్ష చేశాను." ఆయన మీసం మీద తెల్లటి పొడి ఉంది. "ఒక్క మాట తల్లీ. మీ ఆంటీకి చెప్పకు. మాంసం అనుకుంటే ఆ అర జోలికి రాదు."

"మరి నన్ను పంపించేస్తేనండీ?"

"నేనున్నాగా!"

నేను తల ఊపాను. అక్కడే తప్పుచేశాను.

ఆ తర్వాత నేను చేసిందల్లా చూడడమే. మధ్యాహ్నం ఆంటీ వాళ్ళ అక్కతో వీడియో కాల్‌లో కూర్చోగానే అంకుల్ మంచినీళ్ళకని లేచేవారు. ఆయన కోసిన చోట ముక్క లావుగా, వంకరగా ఊడినట్టు ఉండేది. ఆయన కోసేది స్పూనుతోనో, వెన్న రాసే కత్తితోనో. తాడు వేలాడుతూ ఉండేది.

నాలుగో రోజున నాకొక వింత కనిపించింది. సలామీ రెండో కొస కూడా తగ్గుతోంది. అక్కడ కోత సూటిగా, దొండకాయ చక్రాల్లా సన్నగా ఉంది. తాడు మళ్ళీ కట్టి ఉంది. ఆ ముడిని వంగి చూశాను. రెండు చుట్లు, లోపల్నుంచి ఒక మెలిక, గట్టిగా లాగి వదిలిన కొస. శుక్రవారం శుక్రవారం ఆంటీ దేవుడి పటాలకు చామంతులు కట్టేటప్పుడు వేసే ముడి అది. ఈ ఇంట్లో అది ఇంకెవరికీ రాదు.

ఎప్పుడు కోస్తున్నారో కూడా రెండురోజుల్లో తెలిసింది. అంకుల్ వాకిట్లో మంచు తీయడానికి బూట్లు తొడుక్కుంటే, వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడయ్యేది. ఆంటీ మాత్రం భోజనాల దగ్గర రోజూ ఒకటే మాట: "ఏమండీ, ఆ పిల్ల అర వైపు చూడకండి. మాంసం అది." అంకుల్ ఒళ్ళు జలదరించినట్టు భుజాలు కదిపేవారు. "రామ రామ! నేనెందుకు చూస్తాను!"

మాంసమైతే ఆయన ముట్టరని ఆవిడ, మాంసమైతే ఆవిడ ముట్టదని ఆయన. నా సలామీకి రెండువైపులా కాపలా. నేనింకా ఒక్క ముక్క కూడా రుచి చూడలేదు.

ఆదివారం వాసవి ఆంటీ వచ్చారు. ఆ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళ బేస్‌మెంట్ ఖాళీ అయినా ముందు ఆవిడకే తెలుస్తుంది. గదులు కావలసినవాళ్ళ పేర్లు ఫోన్‌లో రాసి పెట్టుకుంటారు. తెచ్చిన పులిహోర డబ్బా పెట్టడానికి ఆవిడే ఫ్రిజ్ తీశారు.

"మీనాక్షీ! ఏంటే ఇది? నీ ఇంట్లో!"

వంటింట్లో నలుగురం ఉన్నాం. ముగ్గురికి అది చాక్లెట్ అని తెలుసు. ముగ్గురమూ మాట్లాడలేదు.

"ఆ పిల్లది," అన్నారు ఆంటీ చివరికి, నేల వైపు చూస్తూ. "నేను చెప్పాను..."

"చెప్పడమేంటి? అంత పెద్ద కాగితం రాసి అతికించుకుని! జనవరిలో కాలేజీలో చేరేవాళ్ళు నా లిస్టులో తొమ్మిది మంది ఉన్నారు. శుద్ధ శాకాహారం. ఒక పిల్లయితే ఉల్లిపాయ కూడా తినదట. రేపే మాట్లాడనా?"

ఆంటీకి తప్పించుకునే దారి లేదు. "నెలాఖరుకి... చూసుకోమ్మా అబిగేల్," అన్నారు.

నేను అంకుల్ వైపు చూశాను. నేనున్నాగా అన్న మనిషి టీ కప్పులో అడుగున ఏదో రాసి ఉన్నట్టు దాన్నే చదువుతున్నారు.

బయట మైనస్ ఇరవైఎనిమిది. నాకు ఆ అమ్మాయి, బట్టల అలమర, మూసిన తలుపు గుర్తొచ్చాయి. లేచి ఫ్రిజ్ తీసి, సలామీని తెచ్చి బల్ల మీద పెట్టాను. కత్తి తీసుకున్నాను.

"అయ్యయ్యో, ఇక్కడ కోయకు!" వాసవి ఆంటీ కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

కోశాను. కోకో వాసన వంటింటి నిండా పరుచుకుంది.

"చాక్లెట్ అండీ. ఈ తెల్లవి మారీ బిస్కెట్లు. గుడ్డు లేదు. పోర్చుగీసువాళ్ళ వంట."

"చాక్లెట్టా!" అన్నారు ఆంటీ.

"చాక్లెట్టే!" అన్నారు అంకుల్.

ఇద్దరూ కావలసినదానికంటే కొంచెం ఎక్కువే ఆశ్చర్యపోయారు. వాసవి ఆంటీ ఒక ముక్క వాసన చూసి, కొరికి, ఇంకోటి అందుకున్నారు. అంకుల్ కూడా చెయ్యి చాపారు. వచ్చినావిడ ముందు ఆంటీ ఏమీ అనలేకపోయారు.

"పోర్చుగీసువాళ్ళకి చాక్లెట్ ఎక్కడిదమ్మా?" అన్నారు అంకుల్, నోట్లో ముక్కతో.

నేను డోనా లుర్దెస్ చెప్పిందే చెప్పాను. మొదట్లో వాళ్ళూ దాన్ని తాగేవాళ్ళు, రాజుగారి కోటలో. చాక్లెట్ కాచడానికే ఒక మనిషి ఉండేవాడట. కోకో చెట్లు వాళ్ళ ఏలుబడిలో ఉన్న బ్రెజిల్‌లో ఉండేవి. రెండువందల ఏళ్ళ క్రితం ఆ మొక్కల్ని ఓడలో వేసుకుని ఆఫ్రికా పక్కనున్న సావో తోమే అనే దీవికి తెచ్చి నాటారు.

"ఎంత దీవి?" అంకుల్ రెండో ముక్క తీసుకున్నారు.

"చిన్నదేనండీ. కానీ ఒకప్పుడు లోకంలో ఎక్కువ కోకో అక్కణ్ణించే వచ్చేదట. పనికి మనుషుల్ని బలవంతంగా తెచ్చి పెట్టారు. ఆ సంగతి బయటపడ్డాక ఇంగ్లండ్ కంపెనీలు కొనడం మానేశాయట. ఆ మాట చెప్పేటప్పుడు డోనా లుర్దెస్ గొంతు తగ్గిస్తుంది. షాపులో ఎవరూ లేకపోయినా."

అంకుల్ చేతిలోని ముక్కని ఒకసారి చూసుకుని నోట్లో వేసుకున్నారు.

"ఇప్పుడైతే పోర్చుగల్‌లో మంచి చాక్లెట్ ఎక్కడ దొరుకుతుంది?" మూడో ముక్క.

"పోర్తో ఊళ్ళో పాత దుకాణాల్లో అట. ఓబిదుష్ అని కోటగోడల ఊరొకటి ఉంది. అక్కడ ఏటా చాక్లెట్ తిరునాళ్ళు జరుగుతాయట. ఎర్రటి చెర్రీపళ్ళ సారాయిని చిట్టి చాక్లెట్ గిన్నెల్లో పోసిస్తారు. తాగేసి గిన్నె కూడా తినేస్తారు."

"గిన్నె తోమక్కర్లేదా?" అన్నారు మీనాక్షి ఆంటీ. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ నిజంగా ఆశ్చర్యపడింది అప్పుడే.

"ఇంకా చెప్పమ్మా..." నాలుగో ముక్క కోసం సాగిన అంకుల్ చేతి మీద ఆంటీ చెయ్యి పడింది. "చరిత్ర చాలు," అన్నారు ఆంటీ.

వాసవి ఆంటీ మాత్రం మిగిలిన సలామీని తిప్పి తిప్పి చూస్తున్నారు. గదులు వెతికిపెట్టే మనిషి కదా, దేన్నీ పైపైన చూడరు.

"ఇదేంటి, రెండువైపులా కోసి ఉంది? ఇటు లావుగా, అటు సన్నగా?"

అంకుల్ దగ్గారు. ఆంటీ చెంగు సర్దుకున్నారు.

"రెండూ నేనేనండీ," అన్నాను. "ఇటు ఆకలేసినప్పుడు, అటు బుద్ధి వచ్చినప్పుడు."

"మరి ఈ పూలముడి?"

"మీనాక్షి ఆంటీ కడుతుంటే చూసి నేర్చుకున్నాను."

ఆంటీ నా వైపు చూశారు. తర్వాత లేచి పులిహోర డబ్బా మూత తీసి, ముందు నాకు వడ్డించారు.

"వాసవీ, నీ లిస్టులో పిల్లలకి ఇంకెక్కడైనా చూడు. ఈ పిల్ల ఎక్కడికీ పోదు."

"అదే, నేనూ అదే అనబోతున్నా," అన్నారు అంకుల్. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి సలామీ ఆంటీ అదుపులోకి వెళ్ళిపోయింది. ఆదివారం ఆదివారం అంకుల్‌కి ఒక్క చక్రం, దీపానికి అడ్డం పెడితే వెలుతురు కనిపించేంత సన్నంగా. మిగతాది ఏమవుతోందో నేను చూడడం మానేశాను.

పదిరోజులాగి అంకుల్ మళ్ళీ మెట్ల దగ్గర కనిపించారు. "తల్లీ, మీ పోర్చుగీసావిడ దగ్గర... చూడ్డానికి ఇంకేదైనా అసహ్యంగా ఉండేది ఉందా?"

"మీకు షుగర్ అండీ."

"అడిగానంతే," అన్నారు. పాపం, మొహం చిన్నబోయింది.

ఉంది. లిస్బన్ నుంచి వస్తుంది. రేకు డబ్బా, మూత మీద పెద్ద కవ్వళ్ళ చేపల బొమ్మ, లోపల వెండి కాగితం చుట్టిన ఆరు చిట్టి చేపలు. అచ్చం మా ఊరి కవ్వళ్ళే, కాకపోతే చాక్లెట్‌వి. ఒకటి తెచ్చి నా అరలో, బొమ్మ బయటికి కనిపించేలా పెట్టాను. ఈసారి నా కోసమే తెచ్చుకున్నాను. కనీసం ఒక చేపైనా నేను తినాలని.

ఆంటీ ఫ్రిజ్ తీశారు. డబ్బా చూశారు. నన్ను చూశారు.

"అవి చేపలా?"

"చేపలేనండీ."

"నిజం చేపలా?"

"డబ్బా మీద అలాగే ఉందండీ."

హాల్లోంచి అంకుల్ గొంతు వినిపించింది. "ఏమిటోయ్, ఏం తెచ్చిందీ పిల్ల?"

"మీకనవసరం. చేపలు. ఇటు రాకండి," అని గట్టిగా చెప్పి, ఆంటీ తలుపు చప్పుడు కాకుండా మూశారు.

మర్నాడు పొద్దున బేకరీకి వెళ్ళబోతూ పాలకోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. కాగితం మీద "మాంసం" అలాగే ఉంది. "గుడ్డు" అలాగే ఉంది. మధ్యలో "చేప" మీద మాత్రం ఎవరో పెన్సిల్‌తో కొట్టేశారు. గీత సూటిగా, చాలా సన్నగా ఉంది.