కిల్టు దొర, బాలమల్లు ధోతి

తప్పులుంటే మన్నించాలి. నా పెనిమిటి పోయాక, నెత్తి నెరిశాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక అక్షరం కింద పెట్టాల్సిన ఒత్తు ఇంకో దాని కింద పెడతాను. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. అయినా మా పక్కింటి కనకవ్వ చెప్పిన ఈ సంగతిని ఇంకెవరో రాసేదాకా ఆగబుద్ధి కాలేదు.

ఆసిఫాబాద్ ఊరి చివర ఒక డాక్ బంగ్లా ఉండేది. క్యాంపుల మీద వచ్చే అధికారులు అందులో దిగేవారు. బాలమల్లు దానికి చౌకీదారు. అతని భార్య కనకవ్వ గదులు ఊడ్చి, వచ్చినవాళ్లకు వండిపెట్టేది. బంగ్లా వెనకాల ఉన్న ఒంటిగదే వాళ్ల ఇల్లు. పిల్లలు లేరు, భూమి లేదు. నౌకరీ పోతే ఆ గది కూడా పోతుంది.

బాలమల్లుకు ఒక అలవాటు ఉండేది. పెద్దమనిషి ఎవరైనా ఎదురుపడగానే అతని చేతులు వాటంతట అవే నడుము దగ్గరికి పోయేవి. పాదాల మీద పడుతున్న ధోతిని మోకాళ్ల పైకి లాగి, గోచి బిగించి, అప్పుడు వంగి దండం పెట్టేవాడు. ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో కనకవ్వకు తెలుసు. అది వాళ్ల పెళ్లినాడే పుట్టింది.

అప్పుడింకా నిజాం రాజ్యమే. పెళ్లి ఊరేగింపు ఊరి దొర ఉండే గడి ముందు నుంచి పోతోంది. బాలమల్లు పసుపులో ముంచిన కొత్త ధోతిని నిండుగా కట్టుకున్నాడు. గడిలోంచి దొర మనిషి ఒకడు దిగివచ్చాడు. గడి ముందర మోకాలు దాటి బట్ట కట్టే కులమా మీది అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా నలుగురిలో ఆ ధోతిని పైకి గుంజి తొడల దాకా చెక్కించాడు. డప్పులు ఆగిపోయాయి. బాసింగం కట్టుకుని తల వంచుకుని నిలబడిన కనకవ్వకు పెళ్లికొడుకు ముఖం కంటే ముందు కనబడినవి బయటపడిన ఆ మోకాళ్లు.

తర్వాత పోలీసు యాక్షన్ జరిగింది. దొర పట్నం చేరాడు, గడికి తాళం పడింది. బాలమల్లు ధోతి మళ్లీ పాదాల దాకా దిగింది. కానీ దొర మాత్రం అతని చేతుల్లోంచి దిగలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొన్నేళ్లకు బంగ్లా బాధ్యత చూడటానికి శ్యాంసుందర్‌రావు అనే ఓవర్సీరు వచ్చాడు. అతను పుట్టి పెరిగింది హైదరాబాదులో. పెద్దల ముందు పైకి చెక్కిన బట్టను కిందికి దించడమే అతనికి తెలిసిన మర్యాద. ఒకనాడు ఎవరో పెద్ద అధికారి జీపు దిగుతుంటే బాలమల్లు ఉరికి, ఎప్పటిలాగే ధోతి పైకి లాగి, తొడలు కనబడేట్టు నిలబడి దండం పెట్టాడు. అధికారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఓవర్సీరు ముఖం మాడిపోయింది.

"బద్తమీజ్, సాహెబ్ ముందట తొడలు చూపిస్తవా? కుస్తీకి దిగినవా?" అన్నాడు.

బాలమల్లు నోరు విప్పబోతే విననేలేదు. ఇంకొక్కసారి మోకాలు కనబడిందా, నౌకరీ లేదు, గది లేదు అని తేల్చి చెప్పి పోయాడు.

మర్యాద చేస్తే తప్పయిందని బాలమల్లు రెండు పూటలు అన్నం ముట్టలేదు. కనకవ్వకు మాత్రం ఏడుపు రాలేదు, మంట పుట్టింది. ఒకడు దించినందుకు పైకి గుంజె, ఒకడు ఎత్తినందుకు తిట్టె. ఈ మనిషి బట్ట మీద ఈ మనిషికి తప్ప అందరికీ అధికారమే. అయినా గది పోతుందన్న భయంతో ఆమే ఒక ఉపాయం చేసింది. చేతులు ఖాళీగా ఉంటేనే కదా నడుము దగ్గరికి పోయేది? జీపు చప్పుడు వినబడగానే మొగుడి రెండు చేతుల్లో నిండు నీళ్ల చెంబు పెట్టేది. వచ్చిన వాళ్లకు కాళ్లు కడుక్కునే నీళ్లు తెచ్చాడనుకుని ఓవర్సీరు మెచ్చుకున్నాడు కూడా.

ఇట్లా ఉండగా దేశాలు చూస్తూ తిరిగే ఒక తెల్లదొర బెల్లంపల్లి మీదుగా వచ్చాడు. గుట్టలూ జలపాతాలూ చూడటానికి పోతూ బంగ్లాలో ఒక రాత్రి ఉంటాడట. ఓవర్సీరు పొద్దుటి నుంచి బంతిపూల దండ పట్టుకుని తిరిగాడు.

జీపు ఆగింది. ముందు రెండు కాళ్లు దిగాయి. మేజోళ్లు పిక్కల దాకే ఉన్నాయి. ఆ పైన ఎండకు కమిలి ఎర్రబడిన మోకాళ్లు, వాటి పైన కుచ్చిళ్లు పోసిన గళ్ల లంగా. నడుము నుంచి ముందుకు ఒక తోలు సంచి వేలాడుతోంది. గేటు దగ్గర చేరిన ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పాలు పోసే దేవవ్వ ఆగలేక, పెండ్లాం లంగా కట్టుకొని వచ్చిండు, పాపం ఆమె ఏం కట్టుకున్నదో అన్నది. గేటంతా నవ్వింది.

ఓవర్సీరు గేటు దాకా వచ్చాడు. "నోరు మూయుండ్రి. దాన్ని కిల్టు అంటరు. స్కాట్లాండుల మగోళ్ల ఇజ్జత్ బట్ట అది. ఏ దేశం పోయినా గదే కట్టుకొని తిరుగుతరు," అన్నాడు. తిరిగి పోయి ఆ మోకాళ్ల ముందు వంగి దండ వేశాడు.

ఇజ్జత్ బట్ట. ఆ మాట కనకవ్వ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. వంటింట్లో చాయ్ కాస్తుంటే పొయ్యిలో మంట ఎక్కువో తన ఒంట్లో మంట ఎక్కువో ఆమెకు తెలియలేదు.

చాయ్ తీసుకుని వరండాలోకి వచ్చింది. తెల్లదొర కుర్చీలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు. ఓవర్సీరు పక్కన నిలబడ్డాడు. మెట్ల కింద బాలమల్లు చెంబు పట్టుకుని ఉన్నాడు, ధోతి పాదాల మీద ఉంది. కనకవ్వ కప్పు బల్ల మీద పెట్టింది, కానీ వెనక్కి పోలేదు.

"సారు, ఒక్క మాట. గీ దొర మోకాళ్లు కనబడితే ఇజ్జతంటివి. మా ఆయన మోకాళ్లు కనబడితే నౌకరీ తీస్తనంటివి. మోకాళ్లల్ల గంత ఫరక్ ఏమున్నది సారు?"

ఓవర్సీరు పళ్లు బిగించి లోపలికి పొమ్మన్నాడు. తెల్లదొర ఏమంటోందని అడిగినట్టున్నాడు. ఓవర్సీరు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తెల్లదొర ముఖం వెలిగిపోయింది. కిల్టు కుచ్చిళ్లు తట్టి చూపిస్తూ ఆమెకు తల వంచాడు. అది చూసి కనకవ్వకు అర్థమైంది. దొర బట్టను తాను మెచ్చుకున్నట్టు ఓవర్సీరు అతనికి చెప్పాడు. అడిగిన మాట అడిగినవాళ్ల దగ్గరే చచ్చిపోయింది.

అంతటితో పోలేదు. తెల్లదొర లేచి ఫోటో పెట్టె తీసి డ్రైవరుకు ఇచ్చాడు. మెట్లు దిగి బాలమల్లు పక్కన నిలబడ్డాడు. తన మోకాలు చూపించి, బాలమల్లు ధోతి చూపించి, పైకి ఎత్తమన్నట్టు సైగ చేశాడు. ఇద్దరం ఒక్క తీరుగా ఉందామని అతని సరదా.

ఓవర్సీరు వెంటనే అందుకున్నాడు. "ఎత్తురా బాలమల్లు. చెంబు కింద పెట్టి గోచి పెట్టు. జల్దీ."

బాలమల్లు వంగి చెంబు కింద పెట్టాడు. చేతులు ఖాళీ అయ్యాయి. నడుము దగ్గరికి పోయాయి. కనకవ్వకు డప్పులు ఆగిపోయిన ఆ నాటి గడి ముందర మళ్లీ తానే నిలబడినట్టయింది. గది పోతే పోయింది, ఎత్తకు అని అరవడానికి ఒక అడుగు ముందుకు వేసింది.

బాలమల్లు చేతులు ధోతి అంచు పట్టుకుని ఆగాయి. తర్వాత దాన్ని వదిలేశాయి. అతను తల పైకెత్తి ఓవర్సీరు వైపు చూశాడు.

"గడిల దొర దించద్దన్నడు, ఎత్తిన. నువ్వు ఎత్తద్దన్నవు, దించిన. గిప్పుడు మల్ల ఎత్తుమంటున్నవు. నా బట్ట నేనెప్పుడు కట్టుకోవాలె సారు?"

గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. తెల్లదొర ఏమీ అర్థంకాక భుజాలు ఎగరేసి, పోనీలెమ్మన్నట్టు నిటారుగా నిలబడ్డాడు. డ్రైవరు ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పుడు ఏ సముద్రాల అవతల ఉందో. అందులో ఒకరి మోకాళ్లు కనబడతాయి, ఒకరివి కనబడవు. ఎందుకో చూసేవాళ్లకు ఎవరు చెబుతారు?

మర్నాడు జీపు గుట్టలవైపు పోగానే ఓవర్సీరు గది ఖాళీ చేయమన్నాడు. బాలమల్లు బతిమాలలేదు. కనకవ్వ సామాను మూట కట్టింది, చెంబు మాత్రం సర్కారుదని బంగ్లా మెట్ల మీదే వదిలేసింది.

వాళ్లు బెల్లంపల్లి వచ్చారు. బాలమల్లుకు బొగ్గుబాయిలో పని దొరికింది. అక్కడ నిక్కరు తొడుక్కుని దిగాలి. మోకాళ్లు మళ్లీ బయటే. కానీ బాయిలోకి దిగే మేనేజరుకు కూడా నిక్కరే, అదే ఎత్తు. పని దిగి, స్నానం చేసి, బాలమల్లు ధోతిని పాదాల మీద పడేలా కట్టుకుని బజారుకు పోతాడు. ఎదురుగా ఎవరు వచ్చినా అతని చేతులు పక్కనే ఉంటాయి. ఓవర్సీరుకు మాత్రం ప్రమోషను వచ్చిందని విన్నాం. ఆ మాట చెప్పినప్పుడల్లా కనకవ్వ నల్లా దగ్గర బిందెను నేలకేసి కొట్టినంత పని చేస్తుంది. కొట్టనీ. నాకూ కొట్టబుద్ధి అవుతుంది.

లింగవ్వ, యాభై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది బెల్లంపల్లిలో, కనకవ్వ ఇంటి పక్కన.