సముద్రపొడ్డున సిక్ మార్కు

నూకరాజుకు అబద్ధం ఆడడం చేతకాదు. అది గొప్ప గుణమని ఎవరైనా అంటే అతని భార్య చిలకమ్మ ఒప్పుకోదు, అది ఉద్యోగం అంటించిన జబ్బు అంటుంది.

ఆమె మాటలోనూ నిజం ఉంది. ఖరగ్‌పూర్ యార్డులో ముప్పై నాలుగేళ్లుగా నూకరాజు చేసే పని ఒక్కటే. ఆగిన గూడ్సు బండి పక్కన నడుచుకుంటూ వెళ్లి, పొడుగు పిడి సుత్తితో చక్రాలను తట్టి వినడం. బాగున్న చక్రం ఖంగుమంటుంది, పగులున్నది బద్దుమంటుంది. బద్దుమన్న వేగన్ మీద అతను జేబులోంచి సుద్దముక్క తీసి పెద్ద ఇంటూ గుర్తు గీస్తాడు. దాన్నే రైల్వేవాళ్లు సిక్ మార్కు అంటారు. ఆ గుర్తు పడ్డాక ఎంత పెద్ద సాహెబు వచ్చి బతిమాలినా ఆ వేగన్ కదలదు. సిక్ లైన్లో మరమ్మతు అయ్యాక మళ్లీ అతనే తట్టి చూసి, గుర్తు చెరిపేసి, "ఫిట్" అని రాసి పక్కన తేదీ వేస్తాడు. తేదీ లేని ఫిట్ చెల్లదు.

ఈ పద్ధతి వేగన్ల దగ్గర బాగానే సాగింది, మనుషుల దగ్గరే బెడిసింది. కూతురు రాధారాణికి నిరుడు టాటానగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. మాటలన్నీ అయిపోయి, ఇక తాంబూలాలే తరువాయి అనుకుంటూ ఉండగా, పెళ్లికొడుకు తల్లి తన చేత్తో చేసిన కాజాలు పెట్టి ఎలా ఉన్నాయని అడిగింది. నూకరాజు ఒకటి కొరికి, కాసేపు నమిలి, పాకం ముదిరిందమ్మా, నూనె కూడా పాతది అన్నాడు. సంబంధం అక్కడితో సరి. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు పెద్దలు. చిలకమ్మ వారం రోజులు అతనితో మాట్లాడలేదు. రాధారాణి మాత్రం లోపల్లోపల సంతోషించింది, ఆ అబ్బాయి ఆమెకు ఎటూ నచ్చలేదు.

ఈసారి సంగతి వేరు. ఈ మోహనకృష్ణ ఆమెకు నచ్చాడు. ఫోను మోగితే చేతిలో గరిటె అలాగే పట్టుకుని వరండాలోకి పరుగెత్తేంతగా నచ్చాడు. రైలింజన్లో అసిస్టెంటు డ్రైవరు, నెమ్మదైన కుర్రాడు. తండ్రి గూడ్సు గార్డుగా చేసి ఎనిమిదేళ్ల కిందట పోయాడు. తల్లి హైమవతి ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర మెస్సు పెట్టి, ఒంటరిగా ఉండే రైల్వే కుర్రాళ్లకు రెండు పూటలా వండిపెట్టి కొడుకును చదివించింది. ఆమె చేపల పులుసంటే ట్రాఫిక్ కాలనీ దాకా పేరు. ఆమె నాలుకన్నా అంతే పేరు, పరాయి వంటలో ఉప్పు గల్లు తేడా వచ్చినా కనిపెట్టేస్తుంది.

రెండు ఇళ్లవాళ్లూ ఒక పూట కలిసి భోంచేసి మాట ఖాయం చేసుకోవాలి. అలా మొదటిసారి కలిసి తిన్న తిండికి వంక పెడితే పెళ్లికే వంక అని వీళ్ల నమ్మకం. భోజనం దీఘాలో, సముద్రానికి ఎదురుగా కొత్తగా కట్టిన పెద్ద హోటల్లో అని పెళ్లికొడుకు వైపు నుంచి కబురొచ్చింది. ఎంత మెస్సు నడిపినా గొప్ప మనిషేనన్నమాట హైమవతి అనుకున్నాడు నూకరాజు.

బయలుదేరే రోజు పొద్దున్నే చిలకమ్మ మొగుణ్ణి కూర్చోబెట్టి, కూతురి తలమీద చెయ్యి వేయించింది.

"ఏటి పెట్టినా బాగుందనాల. ఆ ఒక్క ముక్క తప్ప ఇంకో మాట నీ నోట రాకూడదు. ఒట్టు."

రాధారాణి తండ్రి చెయ్యి కింద తల వంచుకుని ఒక్కసారి పైకి చూసింది. ఆ చూపుకే నూకరాజు కరిగిపోయాడు. ఒట్టు వేశాడు.

అందరూ ఒకే కారులో వెళ్లారు. ముందు సీట్లో కూర్చున్న హైమవతి దారిపొడుగునా పొడిపొడిగానే మాట్లాడింది. నూకరాజు కూడా ఎందుకైనా మంచిదని నోరు కట్టుకుని కూర్చున్నాడు. దీఘా చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

హోటల్ పేరు పలకడానికి నూకరాజుకు నోరు తిరగలేదు. లోపల చలి. ఒక పక్కంతా అద్దం గోడ, దాని అవతల సముద్రం చప్పుడు లేకుండా కదులుతోంది. సరిగ్గా ఆ అద్దం కిందే ఒక పడవ ఒడ్డుకు వచ్చి, బుట్టల్లోకి తళతళలాడే చేపలు దింపుతోంది. నూకరాజుకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత మెనూ అట్టమీద ధరలు చూశాడు. చేప ముక్క పక్కన ఉన్న అంకెలు చూసి అది హోటలువాళ్ల ఫోను నంబరేమో అనుకున్నాడు. మోహనకృష్ణ గొంతు సవరించుకుని, ఇక్కడ అన్నీ బాగుంటాయట అని అందరికీ చెప్పి, నాలుగైదు రకాలు తెమ్మన్నాడు.

ముందు సూప్ వచ్చింది. వేడి లేదు, రుచి అంతకన్నా లేదు. నూకరాజు బాగుంది అన్నాడు. హైమవతి కూడా బాగుంది అంది. తర్వాత బండి చక్రమంత పళ్లెంలో మూడంటే మూడు రొయ్యలు వచ్చాయి, వాటి పక్కన ఆకులూ రేకులూ. రబ్బరు నమిలినట్టుంది. బాగుందన్నాడు. ఆవిడా బాగుందంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని లోపల వంద సార్లు అనుకున్నాడు, పైకి మాత్రం పళ్లు కనిపించేలా నవ్వాడు.

ఆ తర్వాత అసలు చేప వచ్చింది. మనిషికొక తెల్లటి ముక్క. ముల్లు లేదు, తోలు లేదు, మీద తెల్లటి సాసు. నూకరాజు చెయ్యి ఊరుకోలేక ముళ్ల చెంచాతో ఆ ముక్కను రెండుసార్లు తట్టి, చెవి వంచి విన్నాడు. చిలకమ్మ బల్లకింద కాలు తొక్కింది. నోట్లో పెట్టుకోగానే సంగతి తెలిసిపోయింది. అది ఎన్నో నెలలు ఐసులో పడుకుని, ఏ దేశం నుంచో లారీ ఎక్కి వచ్చిన చేప. అద్దం అవతల బుట్టల్లో చేపలు ఇంకా ఎగిరిపడుతున్నాయి. వాటిని చూస్తూ ఈ చేపను తినాల్సి రావడం నూకరాజుకు తీరని అన్యాయంగా తోచింది. కక్కలేక మింగలేక, మొత్తానికి మింగాడు.

"బాగుంది" అన్నాడు.

ఆ మాటే కొంప ముంచింది. మన మర్యాదలు మామూలువి కావు కదా. వియ్యాలవారు బాగుందన్న పదార్థం వాళ్ల కంచంలో అయిపోనివ్వకూడదు. హైమవతి వెంటనే తన ముక్కలో సగం తీసి నూకరాజు పళ్లెంలో వేసి, మీరు తినండన్నయ్యా అంది. నూకరాజు అయ్యో అదెలాగ అంటూ దాన్ని తీసి, తనదాంట్లోంచి ఇంకొంత కలిపి, తిరిగి ఆమె పళ్లెంలో వేశాడు. ఆమె చిలకమ్మకు వేసింది. చిలకమ్మ అల్లుడికి వేసింది. కాబోయే అల్లుడు భక్తిగా మామగారికి వేశాడు. అలా ఆ చేప బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎక్కడ బయలుదేరిందో అక్కడికే వచ్చింది. ఇక్కడితో ఆగినా బాగుండేది. మొహమాటం పట్టలేక చిలకమ్మ వెయిటరును పిలిచి, వదినగారికి ఇంత నచ్చింది కాబట్టి ఇంకో రెండు ప్లేట్లు తెమ్మంది. ఠీక్ హై అంటూ అతను వెళ్లిపోయాడు.

కొత్త ప్లేట్లు వచ్చాయి. హైమవతి నూకరాజు వైపు తిరిగి, మెల్లగా, సూటిగా అడిగింది.

"నిజంగా ఎలాగుందన్నయ్యా?"

టాటానగర్ కాజా నూకరాజు కళ్ల ముందు తిరిగింది. రాధారాణి చూపు తండ్రి మొహం మీదే ఉంది. అంత కష్టం అతనికి ఏ యార్డులోనూ రాలేదు. ఒట్టు వేసిన నోరు ఒట్టు నిలబెట్టుకుంది.

"బాగుందమ్మా."

నోరైతే అంది గానీ ఆ ఒట్టు నోటికే, చేతికి కాదు. ముప్పై నాలుగేళ్ల అలవాటు ఆ చేతిది. ఆ మాట అంటూ ఉండగానే చెంచా కొసతో పళ్లెం అంచుమీద తెల్ల సాసుతో పెద్ద ఇంటూ గీసేసింది. గీసిన తర్వాత గానీ నూకరాజుకు తెలియలేదు. చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే ఆలస్యం అయింది, హైమవతి చూసేసింది. ఆమె గూడ్సు గార్డు భార్య. ఆ గుర్తు చెప్పేదేమిటో ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదు.

అయిపోయింది, ఈ సంబంధం కూడా నా చేత్తోనే పోయింది అనుకున్నాడు నూకరాజు. కూతురి మొహం వైపు చూసే ధైర్యం లేక అద్దం అవతలకు చూశాడు.

హైమవతి తన చెంచా తీసుకుని, సాసులో ముంచి, తన పళ్లెం అంచుమీద అంతకన్నా పెద్ద ఇంటూ గీసి, పళ్లేన్ని అతని వైపు తిప్పింది.

"ఈ రెండూ సిక్ లైనుకి పంపించాల్సిందేనన్నయ్యా" అంది. ఆ పైన నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వు తగ్గాక సంగతంతా చెప్పింది. హోటల్ ఎంపిక ఆమెది కాదు, కొడుకూ కాబోయే కోడలూ కలిసి ఫోనులో హోటళ్లకు ఇచ్చిన చుక్కలు లెక్కపెట్టి పెట్టిన ముహూర్తం. నువ్వు ఎక్కడ తిన్నా వంటకు వంక పెడతావు, వాళ్ల ముందు ఒక్క మాట అనకు అని మోహనకృష్ణ తల్లి చేత కూడా ఒట్టు వేయించుకున్నాడట. అందుకే దారిలో కూడా నోరు విప్పలేదట. సూప్ దగ్గరనుంచీ ప్రాణం విలవిల్లాడిపోతుంటే, మీరు బాగుంది బాగుంది అంటున్నారు, నా నాలుకే చెడిపోయిందా అని భయం వేసింది అంది. పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

మోహనకృష్ణ బిల్లు కట్టి వచ్చేసరికి పెద్దవాళ్లు ముగ్గురూ బయట ఇసుకలో ఉన్నారు. ఒడ్డున తాటాకుల కొట్టులో ఒక బెంగాలీ ముసలాయన పెద్ద మూకుడులో చేపలు వేయిస్తున్నాడు. హైమవతి, దాదా, కాస్త జరుగు అని బుట్టలో చెయ్యి పెట్టి, మొప్పలు ఎత్తి చూసి, నాలుగు చేపలు ఏరింది. పసుపు, ఉప్పు, కారం తప్ప ఇంకేమీ వెయ్యొద్దని దగ్గర నిలబడి మరీ వేయించింది. చెక్క బెంచీ మీద వరుసగా కూర్చుని, ఆకుల దొన్నెల్లో, చేత్తో తిన్నారు. నూకరాజు గోటితో తన చేపను తట్టాడు. కరకరమంది.

"ఇప్పుడు సెప్పండన్నయ్యా, ఎలాగుంది?"

ఒట్టు సంగతి చిలకమ్మ కళ్లతోనే గుర్తు చేసింది. నూకరాజు భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, చేప వైపు చూశాడు.

"ఉప్పు రవ్వంత తక్కువైందమ్మా."

చిలకమ్మ కళ్లు మూసుకుంది. హైమవతి నములుతూ ఆలోచించి, అవును అంది. లేచి వెళ్లి ఉప్పు తెచ్చింది.

"మా ఇంటికొచ్చే పిల్ల నాన్న నోరు భయపడి అబద్ధం ఆడినా, ఆయన చెయ్యి ఆడనేదు. నాకు అది సాలు" అని, కొడుకును ముందుకు తోసింది. "మరి మా వోడిని కూడా సూసుకోండి."

నూకరాజు మోహనకృష్ణ భుజం మీద పిడికిలితో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. కుర్రాడు ఆగిన వేగన్‌లా కదలకుండా నిలబడ్డాడు. నూకరాజు జేబులోంచి సుద్దముక్క తీసి, బెంచీ చెక్క మీద పెద్ద అక్షరాలతో "ఫిట్" అని రాశాడు.

"తేదీ ఏదన్నయ్యా?" అంది హైమవతి. "తేదీ నేని ఫిట్ సెల్లదని మా ఆయన అనేవోరు."

నూకరాజు సుద్దముక్కను కూతురి చేతిలో పెట్టాడు. రాధారాణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వంగి, మాఘమాసంలో మొదటి ముహూర్తం తేదీ వేసి, చెరిగిపోకుండా రెండోసారి దిద్దింది. ఇదెప్పుడు చూసుకున్నావే అని చిలకమ్మ ముక్కున వేలేసుకుంది. అందరూ నవ్వారు.

నూకరాజు ఒక్కడే సముద్రం వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏమైందన్నయ్యా అని హైమవతి అడిగితే, చేపలో కారం కొంచెం ఎక్కువైందమ్మా అన్నాడు. అది పచ్చి అబద్ధం. ఉప్పు గల్లు తేడా కనిపెట్టే మనిషి కూడా దానికి వంక పెట్టలేదు.